డెట్రాయిట్ పునర్నిర్మాణం: స్టీవ్ ఐజర్‌మన్ నిర్ణయాలను ఏ కొలమానంతో తూచాలి?

గంటస్తంభం (విజయనగరం):

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడు మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉద్యోగం చేస్తున్నందువల్ల నాకూ ఈ ఐస్ హాకీ పిచ్చి అంటుకుంది. చలికాలంలో అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున ఐదున్నరకు వస్తుంది. మా ఇంట్లో కాఫీ కాచే వేళకు మొదటి పీరియడ్ అయిపోతుంది, ఆ వెంటనే తమ్ముడితో ఫోన్‌లో వాదన మొదలవుతుంది. ఆ వాదన ఎటూ తేలడం లేదు గనుక మీ ముందు పెడుతున్నాను.

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ 1991 నుంచి 2016 వరకు వరుసగా 25 సీజన్లు ప్లేఆఫ్స్ (కప్పు కోసం సీజన్ చివర జరిగే పోటీలు) ఆడిన జట్టు. ఆ తరువాత 2024-25 సీజన్ ముగిసేవరకు ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. 2019 ఏప్రిల్‌లో ఆటగాళ్లను తెచ్చే, పంపే జనరల్ మేనేజర్‌గా వచ్చిన స్టీవ్ ఐజర్‌మన్ కొత్తవాడేమీ కాదు. ఇదే జట్టుకు 1986 నుంచి 2006 వరకు కెప్టెన్‌గా ఉండి 1997, 1998, 2002 సంవత్సరాల్లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తినవాడు. అందువల్ల అక్కడి అభిమానులు ఆయనకు ఇచ్చిన గడువు మరొకరికి ఇచ్చి ఉండేవారు కారని నా అభిప్రాయం.

మా తమ్ముడు ఆయన మీద మాట పడనివ్వడు. డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రవాళ్లను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో) మోరిట్జ్ సైడర్‌నూ లూకస్ రేమండ్‌నూ తెచ్చినవాడిని అనుమానించడం కృతఘ్నత అంటాడు. నేను పాయింట్ల పట్టిక చూపిస్తాను. 2023-24లో 91 పాయింట్లతో వాషింగ్టన్‌తో సమానంగా నిలిచి టైబ్రేకర్‌లో ప్లేఆఫ్స్‌కు పోయే చివరి స్థానం పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు ముందుకు పోవలసిన జట్టు 86 పాయింట్లకు జారింది, డిసెంబరులో కోచ్ డెరెక్ లలోండ్‌ను తప్పించి టాడ్ మెక్‌లెల్లన్‌ను తెచ్చారు. ఒక జనరల్ మేనేజర్‌ను ఫలితంతో తూచాలా, లేక నిర్ణయం తీసుకున్న నాటికి ఆయన చేతిలో ఉన్న సమాచారంతో తూచాలా? రెండవదే సరైనదైతే దానికి అంతెక్కడ, ఎన్నేళ్లు ఆగాలి? 2025 వేసవి వరకు జరిగిన వాటికే పరిమితమై చెప్పగలరని కోరుతున్నాను.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

గంటస్తంభం గారికి నమస్కారం. మీ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు, ఎందుకంటే జనరల్ మేనేజర్ చేసే పనులన్నీ ఒకే జాతివి కావు. పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని ఎంచుకోవడం, ఉన్న ఆటగాణ్ని అమ్మడం, బజారులో ఉన్న ముప్పై ఏళ్లవాడికి ఐదేళ్ల ఒప్పందం ఇవ్వడం, ఈ మూడింటిలో తప్పొప్పులు బయటపడడానికి పట్టే కాలం వేరు, అదృష్టం పాలు వేరు. నేను డ్రాఫ్ట్ గురించి మాత్రం రాస్తాను.

ముందు లాటరీ సంగతి. డ్రాఫ్ట్‌లో మొదటి వంతులు ఎవరికి రావాలో కింది జట్ల మధ్య చీటీలు తీసి తేల్చేదే అది. 2019-20లో డెట్రాయిట్ 71 ఆటల్లో 17 మాత్రమే గెలిచి లీగ్‌లో అట్టడుగున నిలిచింది. మొదటి ఎంపిక దక్కే అవకాశం 18.5 శాతం. అప్పట్లో మూడు చీటీలు తీసేవారు కనుక చిట్టచివరి జట్టు నాలుగో స్థానానికి జారే ప్రమాదం ఉండేది, సరిగ్గా అదే జరిగింది. తరువాత రెండు చీటీలకు తగ్గించడంతో చివరి జట్టు ఇక మూడో స్థానం కంటే కిందికి పోదు. ఐజర్‌మన్ వచ్చాక ఆ లాటరీ డెట్రాయిట్‌ను ఒక్క మెట్టయినా పైకి ఎక్కించలేదు. అయితే ఆ నాలుగో ఎంపికతో తెచ్చిన రేమండ్ 2024-25లో 80 పాయింట్లు (తన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించాడు, 2019లో ఆరో ఎంపికతో తెచ్చిన సైడర్ 2022లో ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారమైన కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. సైడర్ పేరు పిలిచిన రోజున చాలామంది ముక్కున వేలేసుకున్నారని ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఇక చిక్కు పెట్టే ఉదాహరణ 2021. డెట్రాయిట్ తన 23వ, 48వ, 138వ ఎంపికలను డల్లాస్‌కు ఇచ్చి 15వ స్థానానికి ఎగబాకి, గోలీ (గోల్‌కీపరు) సెబాస్టియన్ కోసాను తీసుకుంది. డల్లాస్ ఆ 23వ ఎంపికతో వయట్ జాన్‌స్టన్‌ను తీసుకుంది, అతడు ఈనాడు ఆ జట్టుకు ప్రధాన ఫార్వర్డ్‌లలో ఒకడు. ఇందులో రెండు ఆరోపణలు కలిసిపోతున్నాయి. జాన్‌స్టన్‌ను వదులుకున్నాడనడం తేదీ తెలిశాక పంచాంగం చెప్పడమే. 23వ స్థానం దాకా అతణ్ని డల్లాస్‌తో సహా ఎవరూ తీసుకోలేదు. కాని ఎదగడానికి అందరికంటే ఎక్కువ కాలం పట్టే గోలీ కోసం రెండో రౌండ్ ఎంపికను అదనంగా చెల్లించడం సబబా అన్న ప్రశ్న ఆ రోజునే అడగదగినది, ఆ రోజు తెలిసిన విషయాలతోనే జవాబు చెప్పదగినది. కోసా తొలిసారి ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద దిగింది 2024 డిసెంబరులో. దానికి ఎదురుగా, టాంపా బే జట్టుకు జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు ఇదే ఐజర్‌మన్ 2012లో 19వ ఎంపికతో ఆండ్రే వాసిలెవ్‌స్కీ అనే గోలీని తీసుకున్నాడు, ఆ గోలీ రెండు కప్పులు గెలిపించాడు. అంటే అది ఆయన తెలిసి వేసే పందెం. పందెం మీకు నచ్చకపోవచ్చు గాని గుడ్డిగా వేశాడనలేరు.

బొబ్బిలి వీణ:

పెద్దలు క్షమించాలి, ఈ ‘ఆనాటి సమాచారం’ వాదం ఎంత దూరమైనా సాగుతుంది. దానితో ఏ మేనేజర్‌నైనా ఎన్నేళ్లయినా కాపాడవచ్చు. మన విజయనగరం విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి, మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించిన కథ మనవాళ్లందరికీ తెలుసు. ఆ పర్యటనలో మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయాం. ఆయన దగ్గర ఆ రోజు ఏ సమాచారం ఉన్నదో ఎవరూ అడగరు, అడగనవసరం లేదు కూడా.

టాంపా విషయం ఎత్తారు కాబట్టి ఒక మాట. 2020, 2021 కప్పులు వచ్చేనాటికి ఐజర్‌మన్ అక్కడ లేడు, ఆ కుర్చీలో జూలియన్ బ్రీజ్‌బ్వా ఉన్నాడు. జట్టుకు వెన్నెముకలైన స్టీవెన్ స్టామ్‌కోస్ 2008లో, విక్టర్ హెడ్‌మన్ 2009లో, అంటే ఐజర్‌మన్ 2010లో రాకముందే డ్రాఫ్ట్ అయ్యారు. 58వ ఎంపికలో నికీటా కుచెరోవ్, 79వ ఎంపికలో బ్రేడెన్ పాయింట్ దొరకడం ఆయన ఘనతే, కాదనను. కాని డెట్రాయిట్‌లో ఆయనకు దొరికినది ఖాళీ స్థలం, టాంపాలో దొరికినది పునాది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా టాంపా పేరు చెప్పి గడువు పెంచడం న్యాయం కాదు.

నా అసలు అభ్యంతరం ఫ్రీ ఏజెంట్ల (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా పోగల ఆటగాళ్ల) మీద. 2022 వేసవిలో ఆండ్రూ కాప్‌కు ఏడాదికి 56.25 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్లు, బెన్ చియారాట్‌కు 47.5 లక్షల చొప్పున నాలుగేళ్లు, మరుసటి వేసవిలో జె. టి. కాంఫర్‌కు 51 లక్షల చొప్పున ఐదేళ్లు, జస్టిన్ హాల్‌కు 34 లక్షల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. వీళ్లెవరూ చెడ్డ ఆటగాళ్లు కారు, జట్టును గెలిపించేవాళ్లూ కారు. మునిగిపోకుండా పట్టుకుంటారు, అంతే. అట్టడుగున ఉంటే మంచి ఎంపిక వస్తుంది, పైన ఉంటే ప్లేఆఫ్స్ వస్తాయి. మధ్యలో ఉంటే 2022లో ఎనిమిదో ఎంపిక, 2023లో తొమ్మిదో ఎంపిక వచ్చాయి.

జీడితోట (పలాస):

బొబ్బిలి వారితో సగం ఏకీభవిస్తాను. మధ్యలో చిక్కుకోవడమే డెట్రాయిట్ జబ్బు అన్నది నిజం. కాని దానికి మందు అట్టడుగుకు పోవడమే అనుకుంటే ఎడ్మంటన్, బఫలో వైపు చూడండి. ఎడ్మంటన్ 2010 నుంచి 2015 లోపల నాలుగుసార్లు మొదటి ఎంపిక చేసుకుంది, అయినా 2006 తరువాత పదేళ్లపాటు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. బఫలోకు 2018లో రాస్మస్ డాలీన్, 2021లో ఓవెన్ పవర్ మొదటి ఎంపికలుగా వచ్చారు, 2024-25 ముగిసేనాటికి ఆ జట్టు ప్లేఆఫ్స్ ఆడి పద్నాలుగేళ్లు. ఓడిపోవడం ఒక విద్య కాదు, అది ఎవరైనా చేయగలరు.

సీనియర్లను తెచ్చుకోవడం గురించి మా ప్రాంతపు మాట ఒకటి చెబుతాను. ముసలి జీడిచెట్లు తీసేసి అంటుమొక్కలు నాటినవాడు మొదటి కొన్నేళ్లు సాళ్ల మధ్య అంతర పంట వేసుకుంటాడు. వేసినందుకు ఎవరూ తప్పుపట్టరు, ఇల్లు గడవాలి కదా. ఆ అంతర పంట మొక్కకు అందవలసిన నీటినీ ఎండనూ తినేస్తున్నా పీకకపోతేనే తప్పుపడతారు. నేను ఆ కొలమానంతోనే చూస్తాను. సైమన్ ఎడ్విన్సన్‌ను 2021లో ఆరో ఎంపికతో తీసుకున్నారు. 2023-24 సీజన్‌లో ఎక్కువ భాగం ఆ కుర్రవాడు కింది లీగ్‌లో గ్రాండ్ రాపిడ్స్‌కు ఆడుతుంటే, పైన డిఫెన్స్‌లో చోటు లేదన్నారు, 34 లక్షల డాలర్ల హాల్ మాత్రం చాలా మ్యాచ్‌లు మంచు మీదకు దిగకుండా బయటే కూర్చున్నాడు. అదే ఏడు పాయింట్లు సమానమై టైబ్రేకర్‌లో ప్లేఆఫ్స్ పోయాయి. హాల్‌ను తెచ్చిన రోజు తప్పు చిన్నది. అతడు అక్కరకు రాడని తేలాక కూడా చోటు ఖాళీ చేయకపోవడం పెద్ద తప్పు. మార్కో కాస్పర్ 2024-25లో 19 గోల్స్ కొట్టాడంటే అందులో అతని ప్రతిభతోపాటు కోచ్ మారాక అతణ్ని డిలన్ లార్కిన్, రేమండ్‌ల పక్కన నిలబెట్టడం కూడా ఉన్నది.

అమ్మకాల విషయంలో మాత్రం ఐజర్‌మన్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. ఒక ట్రేడ్‌ను ఆ రోజు చేతులు మారినవాళ్లతో ఆపేయకుండా గొలుసు చివరిదాకా చూడాలి. 2023 మార్చిలో టైలర్ బెర్టుజ్జీని బోస్టన్‌కు ఇచ్చి మొదటి రౌండ్ ఎంపిక తెచ్చుకున్నారు. ఆ బోస్టన్ ఎంపికే నాలుగు నెలలకు ఆటవాకు వెళ్లిన మూటలో చేరి అలెక్స్ డిబ్రింకాట్‌ను తెచ్చింది, అతడు 2024-25లో 39 గోల్స్ చేశాడు. అతడి సొంతూరు ఫార్మింగ్టన్ హిల్స్ అని గంటస్తంభం గారి తమ్ముడికి నేను చెప్పనక్కరలేదు. ఫిలిప్ హ్రోనెక్‌ను వాంకూవర్‌కు ఇచ్చి తెచ్చుకున్న ఎంపిక 17వదై ఆక్సెల్ సాండిన్-పెల్లికా అయింది. హ్రోనెక్ అక్కడ బాగా రాణించాడు, అంతమాత్రాన డెట్రాయిట్ నష్టపోయినట్లు కాదు. రెండు జట్లకూ కావలసినది దొరికిన బేరాలు ఉంటాయి.

ఓపిక అనే మాటకు అసలు ఉదాహరణ కొలరాడో. 2016-17లో 48 పాయింట్లతో అట్టడుగున పడి, డెట్రాయిట్‌లాగే లాటరీలో నాలుగో స్థానానికి జారిన జట్టది, ఆ నాలుగో ఎంపికే కేల్ మకార్. మాట్ డ్యూషేన్‌ను అమ్మడానికి అక్కడి జనరల్ మేనేజర్ జో సాకిక్ నెలల తరబడి ఆలస్యం చేస్తుంటే పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు. 2017 నవంబరులో అమ్మినప్పుడు శామ్యూల్ జిరార్డ్‌తోపాటు ఆటవా మొదటి రౌండ్ ఎంపిక కూడా వచ్చింది, 2019లో అది నాలుగో స్థానానికి చేరి బోవెన్ బైరమ్ అయింది. 2022లో కప్ గెలిచినప్పుడు ఈ ముగ్గురూ జట్టులో ఉన్నారు. అక్కడ నేథన్ మెకినన్, గాబ్రియెల్ లాండెస్కాగ్ ముందే ఉన్నారనే ఆక్షేపణ సరైనదే. సాకిక్ ధర వచ్చేదాకా కదలలేదనేది కూడా అంతే నిజం.

గంటస్తంభం (విజయనగరం):

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. పలాస వారి మాటతో మా తమ్ముడు సగం శాంతించాడు, నేను సగం తగ్గాను. మరి జేక్ వాల్‌మన్ సంగతి ఏమిటి? 2024 జూన్‌లో అతణ్నీ, అతనితోపాటు ఒక రెండో రౌండ్ ఎంపికనూ శాన్ హోసేకు ఇచ్చి, బదులుగా ఏమీ పుచ్చుకోలేదు. తొమ్మిది నెలలు తిరగకముందే శాన్ హోసే అతణ్ని ఎడ్మంటన్‌కు ఇచ్చి మొదటి రౌండ్ ఎంపిక సంపాదించింది. ఇక్కడ కూడా ‘తేదీ తెలిశాక పంచాంగం’ అంటారా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

అనను. ఇది జాన్‌స్టన్ కథలాంటిది కాదు. వాల్‌మన్ జీతం ఏడాదికి 34 లక్షల డాలర్లు, ఒప్పందంలో మరో రెండేళ్లు మిగిలి ఉన్నాయి, అంతకు ముందు చాలా కాలం సైడర్ పక్కన ఆడినవాడు. ఈ మూడూ ఆ జూన్ నెలలోనే అందరికీ తెలిసిన విషయాలు. అలాంటివాణ్ని వదిలించుకోవడానికి ఎదురు చెల్లించవలసి వచ్చిందంటే, మిగతా ముప్పై జట్లను అడిగి చూశారా, అడిగితే తొందరపడకుండా జులై దాకా ఆగారా అన్న ప్రశ్న ఆ రోజునే పుడుతుంది. మిగిలిన డబ్బుతో ఏం చేశారన్నది కూడా తెలిసినదే. ఆ వేసవిలో వ్లాదిమిర్ తరసెంకోకు రెండేళ్ల ఒప్పందం ఇచ్చి, సంవత్సరం తిరగగానే మిన్నెసోటాకు ఊరకే ఇచ్చేశారు. జట్టు లోపల అతణ్ని పంపించివేయడానికి మనకు కనిపించని కారణం ఉండి ఉండవచ్చు. ఉన్నా, అది పంపడానికి కారణమవుతుంది గాని పైన ఒక ఎంపికను కట్టబెట్టడానికి కారణం కాదు.

ఒక్కో జట్టు ఆటగాళ్లకు ఇవ్వగల మొత్తం జీతాల పరిమితి సంగతి కూడా బొబ్బిలి వారు చూడాలి. కోవిడ్ తరువాత 8.15 కోట్ల డాలర్ల దగ్గర స్తంభించిన పరిమితి 2025-26కు 9.55 కోట్లకు పెరిగింది. కాప్, కాంఫర్‌ల ఒప్పందాల బరువు అందువల్ల తగ్గింది, సైడర్‌కు 85.5 లక్షల చొప్పున ఏడేళ్లూ రేమండ్‌కు 80.75 లక్షల చొప్పున ఎనిమిదేళ్లూ రాసిన ఒప్పందాల విలువ పెరిగింది. వాల్‌మన్‌తో పోయిన రెండో రౌండ్ ఎంపిక మాత్రం పరిమితి ఎంత పెరిగినా తిరిగి రాదు. అందుకే మీ తమ్ముడితో వాదనలో కాప్ పేరు పక్కన పెట్టి వాల్‌మన్ పేరు పట్టుకోండి.

బొబ్బిలి వీణ:

పరిమితి పెరగడం ఐజర్‌మన్ చేసిన ఘనకార్యం కాదు, అది 32 జట్లకూ సమానంగా పెరిగింది. సైడర్, రేమండ్‌ల ఒప్పందాలు మంచివని ఒప్పుకుంటాను. మిగతావాటి మీద నా అభిప్రాయం మారలేదు.