అప్‌డేట్: ఫ్యూయెల్ లైట్ వెలిగాక ఎంత దూరం వెళ్లొచ్చు?

అమలాపురం నుంచి కాకినాడ వెళ్తుంటే ముమ్మిడివరం దాటాక ఫ్యూయెల్ లైట్ వెలిగింది, ఇంకెంత దూరం ధైర్యంగా వెళ్లొచ్చని అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే ఈసారి లైట్ రాగానే బంకుకెళ్లి ఫుల్ కొట్టించాను. మాన్యువల్ ప్రకారం ట్యాంకు 37 లీటర్లు, పట్టింది 31 పైచిలుకు. అంటే అడుగున సుమారు 5 లీటర్లు ఉన్నట్టే. లీటరుకు 15 చొప్పున 75 కిలోమీటర్లు రావాలి. నేను మాత్రం 40 దాటనివ్వను. పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. అడుగంటితే పంపుకే దెబ్బ.

ఎదుర్లంక వంతెన ఎక్కేటప్పుడు లైట్ వెలిగి, దిగాక ఆరిపోతే చాలా టెన్షన్ పడ్డాను. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోల్ ఒక పక్కకు జరిగి, ట్యాంకులో పెట్రోల్ మట్టాన్ని చూపే ఫ్లోట్ (తేలే బిళ్ల) కిందికి దిగుతుందట, అందుకే లైట్ వెలుగుతుందట. ఆ మాట విన్నాక ప్రాణం కుదుటపడింది.

డీజిల్ బండి పూర్తిగా ఖాళీ అయితే లైన్లో గాలి చేరి, మళ్లీ డీజిల్ పోసినా వెంటనే స్టార్ట్ కాకపోవచ్చని రాసినాయనకు ప్రత్యేకంగా థాంక్సండి. మా మావయ్యది డీజిలే, ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను.