8-బిట్ బాణీ పల్చగా వస్తోంది, లూప్ అయ్యాక శ్రుతి తప్పుతోంది

ప్రశ్న:
పాత గేముల తరహాలో సొంత బాణీ ఒకటి ఫామీట్రాకర్‌లో (ఎన్ఈఎస్ అనే పాత నింటెండో గేమ్ మెషీన్‌కి సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్) కడుతున్నాను. ఎక్స్‌పాన్షన్ చిప్‌లు (అదనపు సౌండ్ చిప్‌లు) లేవు, మామూలు ఎన్ఈఎస్ చానెళ్లే, ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ టీవీ పద్ధతి). మొదటి పల్స్‌లో మెలడీ, రెండో పల్స్‌లో కార్డ్స్, ట్రయాంగిల్‌లో బేస్, నాయిస్‌లో డ్రమ్స్. మొత్తం పల్చగా ఉంది. బేస్ వాల్యూమ్ తగ్గించినా తగ్గట్లేదు. రెండోసారి లూప్ అయినప్పుడు మెలడీ శ్రుతి కాస్త పక్కకు పోతోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు 1:
ముందు బేస్ సంగతి. ట్రయాంగిల్‌కి వాల్యూమ్ అనేది హార్డ్‌వేర్‌లోనే లేదండి. మోగుతుంది లేదా ఆగుతుంది. దాని బరువు తగ్గాలంటే స్వరం నిడివి తగ్గించాలి: తర్వాతి స్వరానికి మూడు నాలుగు టిక్‌ల ముందే ఆపేయండి (టిక్ అంటే సెకనులో 60వ వంతు). ఆ ఖాళీలో కిక్ డ్రమ్ పెట్టుకోవచ్చు. అదే ట్రయాంగిల్‌లో నాలుగైదు టిక్‌ల పాటు పిచ్‌ని పైనుంచి వేగంగా కిందికి జార్చి, అదే క్షణంలో నాయిస్‌లో రెండు టిక్‌ల దెబ్బ కలపండి. కిక్ గట్టిగా పడుతుంది.

కార్డ్స్‌కి ఆర్పెజియో ఎఫెక్ట్ (కార్డ్ స్వరాలను వెంటవెంటనే ఒక్కొక్కటిగా పలికించేది) వాడండి: 047 మేజర్, 037 మైనర్. మూడు స్వరాలు టిక్‌కి ఒకటి చొప్పున తిరుగుతాయి, అంటే చుట్టు సెకనుకు 20 సార్లు. చిన్న స్వరాలకు బాగుంటుంది. బార్ అంతా సాగదీస్తే గరగరమంటూ మెలడీని మింగేస్తుంది.

మెలడీలో దీర్ఘ స్వరాలు వచ్చే చోట రెండో పల్స్‌ని కార్డ్స్ నుంచి తప్పించి ఎకోకి ఇవ్వండి. అదే మెలడీ, ట్రాకర్‌లో మూడు వరుసలు ఆలస్యంగా, మూడో వంతు వాల్యూమ్‌తో, పి81 డీట్యూన్‌తో (శ్రుతిని కాస్త పక్కకు జరిపే ఎఫెక్ట్). మెయిన్ 50% డ్యూటీలో (ఒక్కో చుట్టులో పల్స్ వేవ్ పైన ఉండే వంతు) ఉంటే ఎకో 25%లో ఉంచండి. 75% వాడి ప్రయోజనం లేదు, చెవికి అది 25% లాగే ఉంటుంది.

జవాబు 2:
పైవన్నీ సరే, కానీ పల్చదనానికి అసలు మూలం స్వరాల ఎంపికలో ఉంటుందని నా అభిప్రాయం. ఉన్నవి మూడే గొంతులు. బేస్ రూట్ (కార్డ్ మూల స్వరం) మీద, మెలడీ ఫిఫ్త్ (దాని నుంచి ఐదో స్వరం) మీద ఉన్నప్పుడు రెండో పల్స్ థర్డ్ (మూడో స్వరం) పలకకపోతే అది మేజరో మైనరో చెవికి అందదు. ఏదో ఒకటి వదలాల్సి వస్తే ఫిఫ్త్‌నే వదలండి. బేస్ కూడా రూట్ మీదే కూర్చోకుండా ఆక్టేవ్ దూకుతూ, తర్వాతి కార్డ్‌లోకి మెట్టుమెట్టుగా నడవాలి.

ఇంకొకటి. అదే టైమర్ విలువకు (పిచ్‌ని నిర్ణయించే సంఖ్య) ట్రయాంగిల్, పల్స్ కంటే ఒక ఆక్టేవ్ కింద పలుకుతుంది. పైగా దాని హార్మోనిక్స్ బలహీనం. మరీ కిందికి రాస్తే ఫోన్ స్పీకర్‌లో బేస్ మాయమవుతుంది.

జవాబు 3:
లూప్‌లో శ్రుతి తప్పడానికి కారణం ఎఫెక్ట్ వదలకపోవడం. 047, వైబ్రేటో (స్వరాన్ని పైకీ కిందికీ ఊపే ఎఫెక్ట్), డీట్యూన్ ఒకసారి రాస్తే, రద్దు చేసేదాకా ఆ చానెల్‌లో కొనసాగుతాయి. చివర్లో పెట్టిన డీట్యూన్ బి00 ఆదేశంతో పాట మొదటికి దూకాక కూడా బతికే ఉంటుంది. మొదటిసారి వినేటప్పుడు అది లేదు కాబట్టి తేడా రెండోసారే దొరుకుతుంది. లూప్ మొదలయ్యే వరుసలో ప్రతి పల్స్‌కీ 000 (ఆర్పెజియో రద్దు), 400 (వైబ్రేటో రద్దు), పి80 (డీట్యూన్ రద్దు) రాసి, వాల్యూమ్ కూడా మళ్లీ ఇవ్వండి. ఎఫెక్ట్ కాలమ్ ఒకటే ఉంటే మరో రెండు తెరవాలి.

ప్రశ్న అడిగినవారు:
అవునండి, చివరి ప్యాటర్న్‌లో పి7ఎఫ్ ఉంది. పి80 పెడితే సరిపోయింది. ఇంకో చిన్న సందేహం: వైబ్రేటో పెట్టిన ఒకే ఒక్క స్వరం టిక్‌టిక్‌మంటోంది, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. ఆ స్వరం ‘ఏ’ (A), 440 హెర్ట్జ్.

జవాబు 3:
సరిగ్గా అక్కడే వస్తుంది. పల్స్ పిచ్ 11 బిట్ల టైమర్. కింది 8 బిట్లు ఒక రిజిస్టర్‌లో, పై 3 బిట్లు మరో దానిలో ఉంటాయి. పై రిజిస్టర్‌లో రాసిన ప్రతిసారీ వేవ్ మొదటి నుంచి మొదలవుతుంది, ఆ తెగిన శబ్దమే క్లిక్. 440కి టైమర్ విలువ 253. వైబ్రేటో మూడు మెట్లు ఊగితే 256 దాటి, పై బిట్లు మారతాయి. దానికి ఒక ఆక్టేవ్ కింద ఉన్న ‘ఏ’ కూడా 512కి దగ్గరలోనే ఉంటుంది. ఊగు రెండు మెట్లకు మించకుండా తగ్గించండి. లోతైన వైబ్రేటోనే కావాలంటే, దీర్ఘ స్వరం ‘ఏ’ మీద పడకుండా బాణీ మొత్తాన్ని రెండు సెమీటోన్లు జరపండి. జరిపాక మిగతా దీర్ఘ స్వరాలేవీ ‘ఏ’ మీదికి రాలేదు కదా అని చూసుకోండి.