డెషూట్స్ ఏట్లో గైడుతో ఫ్లై ఫిషింగ్: ట్రౌట్‌కి ఏ నెల, స్టీల్‌హెడ్‌కి ఏ నెల?

ఏటిగాలం:
ఆరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరోలో ఉంటాం. ఈ ఏడు డెషూట్స్ ఒడ్డునున్న మాపిన్ ఊరి దగ్గర గైడుని పెట్టుకుని రెండు మూడు రోజులు వెళ్దామని ఉంది. చెరువులో బెండు కట్టి గాలం వేయడం వచ్చు, ఫ్లై (పురుగులా కట్టిన తేలికపాటి ఎర) వేసే రాడ్ మాత్రం కొత్త. ట్రౌట్, స్టీల్‌హెడ్ ఒకే ట్రిప్పులో కుదురుతాయా? పడవలో కూర్చునే వేయొచ్చా? ఏం సాధన చేసి వెళ్లాలి?

గోదారిగట్టు:
రెండూ ఒకే ట్రిప్పులో పెట్టుకోకండి. జాతి ఒకటే. ఏట్లోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్, సముద్రానికి పోయి పెరిగి తిరిగొస్తే స్టీల్‌హెడ్. మన ఇలస గోదారి ఎక్కితే పులస అయినట్టే అనుకోండి. ఏరెక్కాక దానికి మేత మీద పెద్దగా ధ్యాస ఉండదు, అందుకే పట్టే పద్ధతి మారిపోతుంది.

ట్రౌట్‌కైతే మే మధ్య నుంచి జూన్ మొదటి వారాల దాకా. అప్పుడు సాల్మన్‌ఫ్లై పురుగులు నీళ్లలోంచి ఒడ్డుకు పాకి, గడ్డిలో, చెట్ల కొమ్మల మీద రెక్కలు విప్పుతాయి. గాలికి నీళ్లలో పడ్డవాటి కోసం చేపలు ఒడ్డు వారే, కొమ్మల కింద కాచుకుంటాయి. కాబట్టి దూరం విసరక్కర్లేదు. 20, 30 అడుగుల్లో కొమ్మ కిందికి గురి తప్పకుండా పడేయడం రావాలి. ఇంటి వెనక గడ్డిలో పళ్లెం పెట్టి అదే సాధన చేయండి. 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే అది విసిరే లైన్ బరువు నంబరు), 6 లేదా 8 నంబరు డ్రై ఫ్లై (నీటి మీద తేలేది), 3ఎక్స్ టిప్పెట్ (ఫ్లై కట్టే చివరి సన్న దారం) సరిపోతాయి.

పైన పురుగు లేనప్పుడు నింఫ్, అంటే నీళ్లలో ఉండే పిల్లపురుగులా కట్టిన, మునిగే ఫ్లై. పెద్ద స్టోన్‌ఫ్లై నింఫ్, దానికి అడుగున్నర కింద 16 లేదా 18 నంబరు చిన్నది. ఇండికేటర్ అంటే మీ బెండే. నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు పైన కట్టండి. అప్పుడప్పుడూ నింఫ్ ఏటి నేలకు తగలకపోతే దారానికి సీసం గుళ్లు ఒక్కొక్కటే పెంచండి. కొత్తవాళ్లు ఫ్లై మార్చుకుంటూ పోతారు గానీ, తొంభై పాళ్లు తప్పు లోతులోనే ఉంటుంది.

స్వింగురాజు:
పడవ సంగతి ఎవరూ చెప్పలేదు. డ్యాముల దిగువన డెషూట్స్‌లో పడవ మీద నుంచి గాలం వేయడం నిషేధం. పడవ ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చడానికే, దిగి నీళ్లలో నిలబడే వేయాలి.

స్టీల్‌హెడ్‌కి సెప్టెంబరు, అక్టోబరు. 12, 13 అడుగుల రెండు చేతుల 7 వెయిట్ రాడ్. దిగువకు 45 డిగ్రీల ఏటవాలుగా వేసి, లైన్‌ని ఒకసారి ఎగువకు మళ్లించి, ఫ్లై ప్రవాహానికి అడ్డంగా తిరిగి మీ కిందికి వచ్చేదాకా ఊరుకోండి. అక్కడ నాలుగు క్షణాలు వేలాడనిచ్చి, రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ అంతే పొడవు వేయండి. ఎండ నీటి మీద పడనంతసేపు తేలే లైన్, పడ్డాక కొస మాత్రం మునిగే లైన్.

చెరువు అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు: తగలగానే రాడ్ ఎత్తేస్తారు. ఎత్తితే ఫ్లై నోట్లోంచి ఊడొస్తుంది. చేప తిరిగి రీలు లాక్కుంటూ పోనివ్వండి, గాలం దానంతటదే దవడ మూలకి దిగుతుంది. అప్పుడు రాడ్‌ని ఒడ్డు వైపు వంచండి. ఊరికే తాకి వదిలేస్తే కదలకుండా అదే వేటు మళ్లీ వేయండి. రాకపోతే కాస్త చిన్నది, నల్లది కట్టండి.

ఏటిగాలం:
పట్టింది తెచ్చుకోవచ్చాండీ? కాగితాలేం కావాలి?

గోదారిగట్టు:
పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఇక్కడ చెల్లదు. వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్క చూడండి. అది ఉంటే అడవి స్టీల్‌హెడ్, వదిలేయాల్సిందే. ఆ రెక్క కత్తిరించి ఉంటే హేచరీది, అంటే పెంపక కేంద్రంలో పుట్టింది. చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. గాలానికి వెనకముల్లు ఉండకూడదు. నీరు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ రోజుకి ఆపేయడం మంచిది, పోరాడిన చేప వదిలినా బతకకపోవచ్చు.

ఆరెగాన్ లైసెన్సు, స్టీల్‌హెడ్‌కి అదనంగా కంబైన్డ్ ట్యాగ్ (పట్టిన చేపల లెక్క రాసే చీటీ), కొలంబియా బేసిన్ ఎండార్స్‌మెంట్ (ఆ నది పరీవాహకంలో పట్టడానికి అదనపు అనుమతి). పడవ ఎక్కేవాళ్లకి బోటర్ పాస్. అది గైడు తీస్తాడో మీరే తీయాలో ముందే అడగండి. వార్మ్ స్ప్రింగ్స్ అనే ఆదివాసీ తెగ వారి ఒడ్డున కొంత మేరకే గాలం వేయనిస్తారు, అదీ వాళ్ల పర్మిట్‌తోనే. చేపలు తక్కువొచ్చిన ఏడు స్టీల్‌హెడ్ సీజనే మూసేస్తారు (2021లో అలాగే అయింది). కాబట్టి మూసేస్తే అడ్వాన్సు తిరిగిస్తారా, ట్రౌట్‌కి మారుస్తారా అన్నది రాతలో తీసుకోండి. టిప్పు 15 నుంచి 20 శాతం.

స్వింగురాజు:
ఇంకొకటి. అక్కడి రాళ్లు పాచి పట్టి జారతాయి. మేకుల బూట్లు, చేతికర్ర ఉండాలి, వేడర్ల (నీళ్లలో నిలబడేందుకు వేసుకునే తడవని పొడవాటి తొడుగు) మీద బెల్టు బిగించాలి. పడితే వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి తేలండి. నడుం లోతు దాటి గైడు రమ్మన్నా వెళ్లకండి.