"తెల్లవారను": ఆ "ను" సంగతి తేల్చండి

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊళ్ల పేర్లతోనే పిలిచాం.)

కావలి: వందేమాతరం ఉద్యమం మీద వెబ్ ప్రదర్శన సిద్ధమవుతోంది. పేజీని గడులుగా విడదీశాం. దొరల వైపు గడిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి బహిష్కరించిన సంగతి, మన వైపు గడిలో 1907 రాజమండ్రిలో బిపిన్ చంద్రపాల్ సభలో చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన పద్యం: "భరతఖండంబు చక్కని పాడియావు / హిందువులు లేగదూడలై యేడ్చుచుండ / తెల్లవారను గడుసరి గొల్లవారు / పితుకుచున్నారు మూతులు బిగియగట్టి". మూడో పాదం దగ్గరే తగులుకుంది. "తెల్లవారను గడుసరి గొల్లవారు" అనా, "తెల్లవారలు" అనా?

ఒంగోలు: ఛందస్సు తేల్చదండీ. తేటగీతిలో "వారను", "వారలు" రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు). తెల్ల-గొల్ల ప్రాసయతికీ (రెండో అక్షరాల పొత్తుకు) ఇబ్బంది లేదు. అర్థమే దిక్కు. "తెల్లవారు అను గొల్లవారు" అంటే రూపకం బిగుస్తుంది. "వారలు" అంటే రెండు ప్రథమలు పక్కపక్కన పడి ఉంటాయి.

కందుకూరు: "తెల్లవారును" అనీ వినిపిస్తుంది, అదీ భగణమే. అయినా అసలు చూడాల్సింది "గడుసరి". మన ఒంగోలు ఆవు దూడ కుడిస్తేనే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. చేపు రాగానే దూడను లాగి ముందుకాలి దగ్గర కట్టి పితుకుతారు. దూడ కంటికి కనబడకపోతే ఆవు ఎగచేపుతుంది, పాలు బిగబడుతుంది. దూడ ఎదుటే ఉండాలి, మూతికి చిక్కం ఉండాలి. ఆ పనితనమే గడుసుదనం. నోట్‌లో "మోసగాడు" అని రాయకండి మాస్టారూ.

నెల్లూరు: మన సీమలో గొల్లలంటే ముందు వాళ్ల నాయకుడు కాటమరాజు. పుల్లరి (పశువుల మేత పన్ను) దగ్గర నెల్లూరు రాజు మనుమసిద్ధితో తగవు, పాలేటి ఒడ్డున యుద్ధం, రాజు సేనాని ఖడ్గతిక్కన పడిందీ అందులోనే. అక్కడ పన్ను అడిగింది రాజు, కాదన్నది గొల్లలు. ఇక్కడ పిండుకునేవాడే గొల్ల! ఆ కథ పాడుకునేవాళ్లకు ఈ పోలిక తగులుతుంది. మూడో గడి పెట్టి వాళ్ల మాటా వేయండి.

ఒంగోలు: "హిందువులు లేగదూడలై" దగ్గరా అంతే. మేం దూడలం కామా అని ముస్లిం పాఠకులు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. "భారతీయులు" అని దిద్దితే గణాలు చెదురుతాయి, హి-యే యతీ పోతుంది. పద్యాన్ని ముట్టుకోకుండా కింద వివరణ ఇవ్వండి.

నెల్లూరు: ఆవుల మాటొచ్చింది గనక, తిక్కన భారతం ఎత్తుకున్నదే విరాటపర్వంతో. దక్షిణాన సుశర్మ, ఉత్తరాన కౌరవులు మందల్ని తోలుకుపోబోయారు. చిలకమర్తి పద్యంలో ఆవు కొట్టంలోనే ఉంది, పోయేది పాలు. దాదాభాయి నౌరోజీ చెప్పిన సంపద తరలింపు నాలుగు పాదాల్లో ఇమిడింది. ఇంగ్లీషులో చదివేవాళ్లకు ముందు ఇది చెప్పాలి.

కావలి: అయితే "ను"?

ఒంగోలు: "ను"నే.

కందుకూరు: "తెల్లవారును" అని పాఠాంతరం కూడా వేయండి. నాలుగో పాదంలో "పితుకు"నా, "పిదుకు"నా? రెండూ నగణమే (మూడు లఘువులు).