కేడెట్ల గ్లైడర్ల నిర్వహణ కాంట్రాక్టులో బాధ్యత చివరికి ఎవరిది?

నమస్కారం. మేము ఇంగ్లండులో ఉంటున్నాము. ఈ ఏడాది ఎయిర్ కేడెట్లలో (బ్రిటిష్ వాయుసేన ఆధ్వర్యంలోని యువజన సంస్థలో) చేరిన మా అబ్బాయి గ్లైడర్ ఎక్కే రోజు కోసం ఎదురుచూస్తున్నాడు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టే ముందు పాత సంగతులు చదివి కలవరపడ్డాను.

ఎగరడానికి యోగ్యమైనవన్న నిర్ధారణ లేక, 2014 ఏప్రిల్‌లో కేడెట్ల 146 గ్లైడర్లను, అంటే ఇంజను లేని 81 వైకింగ్‌లను, 65 విజిలెంట్ మోటారు గ్లైడర్లను, నేల మీదే నిలిపివేశారు. 2016 మార్చిలో కనీసం 73 వైకింగ్‌లను, 15 వరకు విజిలెంట్‌లను తిరిగి ఎగరేస్తామని ప్రకటించినా, 2018లో విజిలెంట్‌లను పూర్తిగా సేవ నుంచి తప్పించారు. ఈలోగా ఎందరో పిల్లలు ఒక్కసారైనా ఎగరకుండానే కేడెట్ వయసు దాటిపోయారు. నన్ను ఎక్కువగా బాధించేది అదే.

ఫైబర్‌గ్లాస్ రెక్కకు వేసిన అతుకు రంగు పూశాక కంటికి కనబడదు కాబట్టి, ఏ మరమ్మతు ఎవరు ఎలా చేశారో చెప్పే రికార్డే అసలు ఆధారమని నా అవగాహన. సైనిక విమానాల నిర్వహణలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: పని ప్రైవేటు సంస్థకు అప్పగించినప్పుడు, ఆ రికార్డులను సైన్యం తరఫున స్వయంగా ఎవరు తనిఖీ చేస్తారు? లోపం బయటపడితే తిరిగి సరిచేసే ఖర్చు సంస్థ భరించాలనే నిబంధన ఇటువంటి కాంట్రాక్టుల్లో మామూలుగా ఉంటుందా? సమాచార హక్కు చట్టం కింద రక్షణ శాఖను అడగాలంటే, ఏ పత్రాన్ని పేరుపెట్టి అడిగితే ఉపయోగకరమైన జవాబు వస్తుంది?