'ప్రోలయ' ఎవరి పేరు? ఒకే పేరున్న పెద్దల్ని గుర్తుపట్టడం గురించి

ముసునూరి ప్రోలయ నాయకుడు, ప్రోలయ వేమారెడ్డి ఒక్కరేనా అన్న ప్రశ్న మన గ్రూపులో మళ్ళీ వచ్చింది. ఒక్కరు కాదండీ. అలా అనిపించడానికి కారణం మాత్రం ఉంది. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయాక తలెత్తినవాళ్ళే ఇద్దరూ. ఢిల్లీ సేనలతో పోరాడినవాళ్ళే ఇద్దరూ. ఇద్దరి పేర్లలోనూ 'ప్రోలయ' ఉంది. కానీ ఆ మాట రెండు చోట్లా ఒకే పని చేయడం లేదు.

ముసునూరి ప్రోలయ నాయకుడు అన్నప్పుడు ముసునూరి ఇంటిపేరు, ప్రోలయ ఆయన సొంత పేరు. విలస తామ్రశాసనం పొగిడింది ఈయన్నే. గోదావరి తీరంలోని రేకపల్లి నుంచి ఏలాడు. ప్రోలయ వేమారెడ్డి సొంత పేరు వేముడు. ప్రోలయ ఆయన తండ్రి. అద్దంకి రాజధానిగా ఏలినవాడు, ఎర్రన దగ్గర హరివంశం అంకితం పుచ్చుకున్నవాడు ఈయన. కాబట్టి ముసునూరి ఆయన్ని ఒట్టి 'ప్రోలయ' అనొచ్చు గానీ, రెడ్డిరాజును అలా అంటే వాళ్ళ నాన్నను పిలిచినట్టే.

రెడ్డిరాజుల్లో వేములు చాలామంది. తండ్రి పేరు ముందు పెట్టకపోతే ఎవరో తెలియదు. పెదకోమటి వేమారెడ్డి అంటే పెదకోమటి కొడుకు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఈయన కొలువులోనే. కాటయ వేముడు కాటయ కొడుకు, రాజమహేంద్రవరం ఏలినవాడు. ఇద్దరూ ఒకే కాలంవాళ్ళు, పైగా ఒకరికొకరు పడనివాళ్ళు. పెదకోమటి వేముడు అమరుక కావ్యానికి వ్యాఖ్య రాశాడు, కాటయ వేముడు కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రాశాడు. "వేమారెడ్డి సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యానం రాశాడు" అని ఊరుకుంటే అది ఇద్దరికీ సరిపోతుంది! ముందున్న మాటను అలంకారం అనుకుని వదిలేయకండి అని నేను పదే పదే అడిగేది ఇందుకే.

అలాగని ముందున్న ప్రతి మాటా తండ్రి పేరే అనుకున్నా కుదరదు. అనవేమారెడ్డి ఈ ప్రోలయ వేముడి కొడుకే. అక్కడ 'అన' తండ్రి పేరు కాదు కదా.

వ్యాఖ్య: మరి ఖడ్గ తిక్కన సంగతేమిటండీ? అది బిరుదే కదా?

జవాబు: అవునండీ, అక్కడ గుర్తు పనిని బట్టి వచ్చింది. భారతం తెనిగించిన తిక్కన తండ్రి కొమ్మన, ఖడ్గ తిక్కన తండ్రి సిద్ధన. అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరూ నెల్లూరు మనుమసిద్ధి కొలువులోనే ఉన్నారు. యజ్ఞం చేసినాయన సోమయాజి అయ్యాడు, కత్తి పట్టినాయన ఖడ్గ తిక్కన అయ్యాడు. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) గొడవలో కాటమరాజుతో జరిగిన యుద్ధంలో చనిపోయింది ఈ రెండో ఆయన. "పసులున్ విరిగినవి తిక్క పాలున్ విరిగెన్" అన్న చాటువులో, యుద్ధం నుంచి వెనక్కి వచ్చాడని ఇంటివాళ్ళు దెప్పిన తిక్క కూడా ఈయనే. ఈ పద్యాన్ని భారత కవికి అంటగడితే నాకు చాలా బాధేస్తుంది. ఒకరి జీవితంలోని కథ తీసుకెళ్ళి ఇంకొకరికి తగిలించడమే అది.

ఇదే ఇంట్లో ఇంతకంటే గట్టి చిక్కు ఇంకొకటుంది. ఈ ఇద్దరికీ తాత మంత్రి భాస్కరుడు. నిర్వచనోత్తర రామాయణంలో తిక్కన ఆయన్ని "సారకవితాభిరాము గుంటూరివిభుని మంత్రి భాస్కరు" అని తలుచుకున్నాడు. 'సారకవితాభిరాము' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని భాస్కర రామాయణం ఈయనదేనని వాదించినవాళ్ళున్నారు. హుళక్కి భాస్కరుడిదన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. నేనూ ఆ పక్షమే. తాత మంచి కవి అని ఆ పద్యం చెబుతోంది, అంతవరకే. ఏం రాశాడో అందులో లేదు. ఇక భాస్కర శతకం మారద వెంకయ్యది. అక్కడ భాస్కరుడు మకుటంలో ఉన్న సూర్యుడు, కవి కాదు.

వ్యాఖ్య: పాతకాలం సరే. ఇప్పుడు అందరికీ ఇంటిపేర్లు ఉన్నాయిగా, ఇంకేం ఇబ్బంది?

జవాబు: ఆ ఇంటిపేర్లను పొడి అక్షరాలు చేసేశాం కదండీ! పెండ్యాల నాగేశ్వరరావు సంగీత దర్శకుడు, పిఠాపురం నాగేశ్వరరావు గాయకుడు. ఒకే కాలం, ఒకే సినిమా రంగం. కుదిస్తే ఇద్దరూ "పి. నాగేశ్వరరావు" అవుతారు. బాణీ కట్టిందెవరో పాడిందెవరో తేల్చుకోలేం. పిఠాపురం అన్నది ఇంటిపేరు కూడా కాదు, ఆయన ఊరు.

ఒట్టి ఇంటిపేరు రాసినా అన్నిసార్లూ నడవదు. 'ఘంటసాల' అనగానే మనందరికీ వెంకటేశ్వరరావు గారే గుర్తొస్తారు. కానీ 1944లో వచ్చిన శ్రీ సీతారామ జననంలో అక్కినేనికి రాముడి వేషం ఇచ్చింది దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారు. పాత సినిమాల వివరాలు ఇక్కడ పెట్టేవాళ్ళకు నా మనవి ఒక్కటే: దర్శకుడు, నిర్మాత అని ఉన్నచోట 'ఘంటసాల' అన్న మాట కనబడితే పాటల ఘంటసాల అనేసుకోకండి. టైటిల్స్‌లోనో పాటల పుస్తకంలోనో పూర్తి పేరు చూసి, అలాగే రాయండి.