మనష్షే మొర: ‘ఆలకించి’ వెనకున్న కన్నం

ప్రశ్న
రెండవ దినవృత్తాంతములు 33:12-13 గురించి. యూదా రాజు మనష్షే బబులోనులో బందీగా ఉండి మొరపెట్టుకున్న సందర్భం. “మనష్షే పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు” అని మనమంతా చెప్పుకుంటాం. తీరా తెలుగు బైబిలు తెరిస్తే ఆ రెండు మాటలూ అక్కడ లేవు. “తన్ను తాను బహుగా తగ్గించుకొని” అని, “విన్నపములను ఆలకించి” అని ఉంది. హీబ్రూలో ఉన్నవి అనువాదంలో జారిపోయాయా?

జవాబు
జారిపోలేదండీ, హీబ్రూలోనూ లేవు. ఆ రెండు వచనాల్లో మనష్షే చేసినవి మూడు పనులు: దేవుని ముఖాన్ని ప్రసన్నం చేసుకోజూశాడు (‘బతిమాలుకొని’ అన్నది దీనికే), తగ్గించుకున్నాడు, ప్రార్థించాడు. దేవుడు చేసినవీ మూడే: మొరకు కరిగాడు, విన్నాడు, తిరిగి తెచ్చాడు.

‘తగ్గించుకొను’కు మూలం కానా అనే ధాతువు. యుద్ధంలో శత్రువును అణచడానికీ ఇదే వాడతారు (న్యాయాధిపతులు 4:23). అందుకే ఇక్కడ వినయం అనే అర్థం చాలదు, లొంగిపోవడం దగ్గరగా ఉంటుంది. దినవృత్తాంతాల రచయిత రాజులను తూచే రాయి ఈ మాటే. రెహబాము లొంగాడు (12:6), హిజ్కియా లొంగాడు (32:26), ఆమోను లొంగలేదు (33:23), సిద్కియా లొంగలేదు (36:12). నాబోతు ద్రాక్షతోట కాజేసిన అహాబుకూ ఇదే మాట, మొదటి రాజులు 21:29లో ఒకే వచనంలో రెండుసార్లు.

పశ్చాత్తాపానికి హీబ్రూ వాడే మామూలు క్రియ షూవ్, అంటే తిరగడం. అది ఈ వచనంలో ఉంది, కానీ కర్త మనష్షే కాదు! దేవుడే అతన్ని యెరూషలేముకు ‘తిరిగి’ తెచ్చాడు. నాకు ఈ వచనంలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

యూదు రబ్బీల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా సన్‌హెద్రిన్ 10:2లో వాదమంతా ఈ క్రియ మీదే నడుస్తుంది. రాబోయే లోకంలో పాలు (వాటా) లేని ముగ్గురు రాజులు యరొబాము, అహాబు, మనష్షే అంటుంది మిష్నా. రబ్బీ యెహూదా ఈ వచనం చూపించి మనష్షేకు పాలుందంటాడు. తక్కినవాళ్ల జవాబు: దేవుడు అతన్ని రాజ్యానికి తిరిగి తెచ్చాడు గానీ రాబోయే లోకపు జీవానికి తేలేదు.

ఇంకొకరు
క్షమాపణ మాట కూడా కలుపుతాను. సాలఖ్ అనే క్రియకు హీబ్రూ బైబిల్లో కర్త ఎప్పుడూ దేవుడే, మనిషి మనిషిని క్షమించడానికి దాన్ని వాడరు. మనష్షే విషయంలో అది వచ్చేది రెండవ రాజులు 24:4లో, అదీ వ్యతిరేకార్థంలో: అతను చిందించిన నిరపరాధుల రక్తాన్ని యెహోవా క్షమించ ఇష్టపడలేదని. రాజుల గ్రంథంలో చెర గానీ మొర గానీ లేవు, 55 ఏళ్ల పాలన, దాని పాపమే ఉన్నాయి. రెండు గ్రంథాలనూ కలిపేసి చెబితే రెండింటి మాటా చెడుతుంది.

అడిగినవారు
‘మొరకు కరిగాడు’ అన్నారే, ‘ఆలకించి’ అదేనా?

జవాబు
అతర్ అనే ధాతువండీ. ఇస్సాకు వేడుకున్నాడు, యెహోవా ఆ వేడికోలుకు లోబడ్డాడు అనే చోట (ఆదికాండము 25:21) రెండు వైపులా ఇదే ధాతువు. మన వచనంలో రూపం ‘వయ్యేఆతెర్’. మధ్యలో ఉన్న అయిన్ అక్షరం గొంతు లోపలి ధ్వని. దానికి దగ్గరి ధ్వని హేత్. అయిన్ బదులు హేత్ పెడితే హాతర్, అంటే తవ్వడం. బబులోను తాల్మూదు (మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథం, సన్‌హెద్రిన్ 103ఎ) ఆ మాటను హేత్‌తోనే చదివి ఇలా విప్పుతుంది: దేవుని న్యాయగుణం (పాపికి శిక్ష పడాల్సిందేననే కఠిన న్యాయం) అడ్డుపడుతుంటే, మనష్షేను చేర్చుకోవడానికి దేవుడు ఆకాశంలో ‘మహ్తెరెత్’ (హాతర్ నుంచి వచ్చిన మాట, తవ్విన దారి) లాంటిది చేశాడు. యెరూషలేము తాల్మూదులో దృశ్యం ఇంకా పదునుగా ఉంటుంది. అతని ప్రార్థన పైకి రాకుండా దేవదూతలు కిటికీలు మూసేస్తే, దేవుడు తన మహిమ సింహాసనం కిందే తవ్వాడు.

ఈ మహ్తెరెత్‌ను చాలామంది ‘సొరంగం’ అంటారు. నా మాట ‘కన్నం’. నిర్గమకాండము 22:2లో దొంగ ఇంటికి వేసే కన్నానికి హీబ్రూ మాట ఇదే, మన బైబిలు కూడా అక్కడ ‘కన్నము’ అనే అంది. యెహెజ్కేలు 8:8లో గోడకు కన్నం తవ్వమన్న ఆజ్ఞలోదీ ఆ ధాతువే.

ఇంకొకరు
దేవుడు కన్నం వేయడమంటే తెలుగు చెవికి దొంగతనమే వినిపిస్తుంది కదండీ?

జవాబు
హీబ్రూ చెవికీ అదే వినిపిస్తుంది, ఆ కథ బలమంతా అక్కడే. తలుపు నుంచి రానివ్వరు కాబట్టి ఇంటి యజమానే తన గోడకు కన్నం వేశాడు. సొరంగం అంటే ఆ తెగింపు పోతుంది.

కానీ ఒక జాగ్రత్త. మన చేతిలో ఉన్న బైబిలు పాఠంలో అక్షరం అయిన్. వచనాన్ని అనువదించేటప్పుడు ‘ఆలకించి’ అనే ఉంచాలి, కన్నం వ్యాఖ్యలోకే రావాలి. “హీబ్రూ మూలంలో కన్నం వేశాడని ఉంది” అంటే తప్పు. తెలుగు లిపిలో రాస్తే అయిన్ అచ్చులో కలిసిపోతుంది, హేత్ మామూలు ‘హ’ అయిపోతుంది, ఆ రెంటి దగ్గరితనం కనబడదు. కాబట్టి ఈ చమత్కారం వివరించేటప్పుడు అక్షరాల పేర్లు విడిగా చెప్పాలి.